రోటరీ పాలిషర్ ఎంపిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ శీర్షికకు కొంతకాలంగా అందుతున్న ఉత్తరాలలో కారు పెయింటుకు మెరుగు పెట్టే యంత్రాల గురించిన సందేహాలే ఎక్కువగా ఉన్నందున, ఈసారి స్థలమంతా వాటికే కేటాయించాము. ఒకే సందేహాన్ని పలువురు రాసిన చోట ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాము.

ప్రశ్న: నా కారుకు కడిగేటప్పుడు సాలెగూడు లాంటి సన్నని గీతలు పడ్డాయి. ఇంటి దగ్గరే పాలిష్ చేసుకోవాలని అనుకుంటున్నాను. రోటరీ పాలిషర్ అయితే పని త్వరగా తెములుతుందని కొందరు చెబుతున్నారు. కొత్తవాళ్లు దాని జోలికి పోకూడదని, డ్యూయల్ యాక్షన్ యంత్రమే కొనాలని మరికొందరు అంటున్నారు. ఈ రెంటికీ అసలు తేడా ఏమిటి? నేను ఏది కొనాలో తెలియజేయగలరు.

జవాబు: రెండు మాటలూ నిజమే, కాకపోతే అవి రెండు వేర్వేరు పనుల గురించి చెప్పినవి. రోటరీలో మోటారు తిరుగుడు గేర్ల ద్వారా నేరుగా ఇరుసుకు, అంటే స్పిండిల్‌కు అందుతుంది. దానికి తగిలించిన ప్యాడ్, అంటే పెయింటును రుద్దే బిళ్ల, తిరగలి రాయిలా ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. మీరు కొంచెం గట్టిగా నొక్కినా, ఒక పక్కకు వాల్చినా అది ఆగదు. రాపిడి అంతా ఆ ఒక్క చోటే పడుతుంది. డ్యూయల్ యాక్షన్ యంత్రంలో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే ఒక చిన్న వలయంలో ఊగుతూ ఉంటుంది. ఆ వలయం వ్యాసం యంత్రాన్ని బట్టి 8, 12, 15, 21 మిల్లీమీటర్లు, ఇలా ఉంటుంది. ఈ యంత్రాలలో సాధారణ రకానికి ప్యాడ్‌ను తప్పనిసరిగా తిప్పే గేరు పట్టు ఉండదు కనుక, నొక్కుడు మితి మీరితే తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది. చేతిలో పొరపాటు జరిగినా పెయింటు బతికి బయటపడేది ఈ గుణం వల్లనే.

పెయింటు ఎంత పలచనిదో తెలిస్తే ఈ జాగ్రత్త అతిశయం కాదని అర్థమవుతుంది. కంపెనీ వేసిన పెయింటు అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పైన ఉండే పారదర్శకమైన క్లియర్ కోట్ చాలా కార్లలో 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. పాలిష్ చేయడమంటే గీత అడుగుతో సమమయ్యేదాకా దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను కొద్దికొద్దిగా అరగదీయడమే తప్ప, గీతను దేనితోనో పూడ్చడం కాదు. అరిగిన పొర మళ్లీ రాదు. ఎండను అడ్డుకొని రంగును కాపాడే పని కూడా ఆ పొరదే కాబట్టి, పూర్తిగా అరిగేదాకా ఎదురుచూసే హక్కు కూడా మనకు లేదు.

మీరు రాసినదాన్ని బట్టి మీ కారుకు ఉన్నవి కడిగేటప్పుడు పడిన సాలెగూడు లాంటి సన్నని గీతలు. ఏడాదికి ఒకటి రెండు సార్లు, ఒక్క కారు మీద చేసే ఈ పనికి రోటరీ అవసరం లేదు. డ్యూయల్ యాక్షన్ కొనండి. కొత్తగా రంగు వేసిన తరువాత 1,500 లేదా 2,000 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దినచోట ఆ గుర్తులు తీయవలసినవారికి, ఏళ్ల తరబడి ఎండలో నిలిచి పాలిపోయిన పెయింటును తేర్చవలసినవారికి, రోజుకు ఒక కారు చొప్పున వృత్తిగా చేసేవారికి మాత్రం రోటరీ లేకపోతే రోజు గడవదు. కింది జవాబులు వారి కోసం.

ప్రశ్న: రెండు రోటరీ పాలిషర్ల మధ్య తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి 1,400 వాట్లు, వేగం నిమిషానికి 1,500 నుంచి 3,500 చుట్లు. రెండవది 1,000 వాట్లే, వేగం 600 నుంచి 2,200 చుట్లు. మొదటిది శక్తిమంతమైనదిగా కనిపిస్తున్నా ధరలో రెండవదే ఎక్కువ. ఇందులో కిటుకు ఏమిటి?

జవాబు: కిటుకు మీ ఉత్తరంలోనే ఉంది. అది 600 అనే అంకె. పెట్టె మీద పెద్ద అక్షరాలలో వేసేది వాట్లను, గరిష్ఠ వేగాన్ని. పాలిష్ చేసేవారు మొదట వెతకవలసింది కనిష్ఠ వేగాన్ని. వాట్లు అనేవి మోటారు విద్యుత్తు తీగ నుంచి లాగుకొనే శక్తిని చెబుతాయే గాని, గేర్లు దాటి ప్యాడ్ దగ్గరకు చేరే బలాన్ని చెప్పవు.

లెక్క వేసి చూద్దాం. 150 మిల్లీమీటర్ల ప్యాడ్ ఒక చుట్టు తిరిగితే దాని అంచు సుమారు 47 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. నిమిషానికి 600 చుట్ల దగ్గర ఆ అంచు గంటకు 17 కిలోమీటర్ల వేగంతో పెయింటును రాస్తుంది. 1,200 దగ్గర అది 34, 1,500 దగ్గర 42, 3,000 దగ్గర 85 కిలోమీటర్లు. కాంపౌండును, అంటే పెయింటును అరగదీసే పేస్టును, ప్యానెల్ మీద పరచుకోవడానికి 600 నుంచి 900 వరకు, అసలు కోతకు, అంటే గీతలు పోయేలా అరగదీయడానికి, 1,200 నుంచి 1,800 వరకు, చివరి మెరుగుకు మళ్లీ 1,000 ప్రాంతానికి దిగడం వాడుకలో ఉన్న పద్ధతి. అంటే మీరు చెప్పిన మొదటి యంత్రం మొదలయ్యే చోటికే మన పని సగం దాటిపోతుంది. దానితో పేస్టు పరచబోతే చుక్కలు అద్దాల మీదా, మీ చొక్కా మీదా పడతాయి. చివరి మెరుగుకు కావలసిన నెమ్మది దానికి ఏ మెట్టులోనూ లేదు. ఇక 3,000 పైన ఉన్న వేగం కారు పెయింటు మీద ఎవరికీ పనికిరాదు. కాబట్టి మీరు సంకోచించకుండా రెండవదాన్ని తీసుకోవచ్చు.

కనిష్ఠ వేగం తరువాత చూడవలసింది, భారం పడినా వేగం నిలబెట్టే ఎలక్ట్రానిక్ నియంత్రణ. ఇది లేని యంత్రాన్ని 1,200 దగ్గర పెట్టి ప్యానెల్ మీద ఆనించగానే వేగం పడిపోతుంది. వేగం పడిందని చక్రం తిప్పి పెంచుతారు. కాస్త పైకి తేల్చేసరికి అది ఒక్కసారిగా విజృంభిస్తుంది. కాలిన పెయింటులో ఎంతో భాగం ఈ క్షణంలో కాలినదే. నియంత్రణ ఉన్న యంత్రం భారం పెరిగినకొద్దీ మోటారుకు విద్యుత్తు పెంచి వేగాన్ని నిలుపుతుంది. దుకాణంలోనే దీన్ని పరీక్షించవచ్చు. ప్యాడ్ తగిలించి, వేగాన్ని కనిష్ఠంలో ఉంచి, పాత ప్యానెల్ ముక్క మీద కొద్దిగా తడిపి నడపమనండి. కళ్లు మూసుకొని వినండి. ఆనించినప్పుడు మూలుగు దిగి, ఎత్తినప్పుడు ఈల వేస్తే ఆ యంత్రం వద్దు. ఆనించినా ఎత్తినా స్వరం దాదాపు ఒకే శ్రుతిలో ఉంటే మంచిది.

మీట నొక్కగానే ఎగిరి పడకుండా నెమ్మదిగా వేగం అందుకొనే సౌకర్యం కూడా ఉండాలి. మీట నొక్కిన లోతును బట్టి వేగం మారే ఏర్పాటు ఉంటే మూలల దగ్గర చాలా కలిసివస్తుంది. అటువంటి మీటకు అలవాటు పడినవారు వేరే యంత్రం పట్టుకుంటే వేళ్లకు ఏమీ తోచదు.

ప్రశ్న: నా దగ్గర ఇనుము కోసే చిన్న యాంగిల్ గ్రైండర్ ఉంది. దానికి పాలిషింగ్ ప్యాడ్ తగిలిస్తే వేరే యంత్రం కొనే ఖర్చు తప్పుతుంది కదా?

జవాబు: తప్పదు. మీ గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి 125 మిల్లీమీటర్ల ప్యాడ్ తగిలిస్తే అంచు వేగం గంటకు 250 కిలోమీటర్లు దాటుతుంది. పెయింటు సంగతి అలా ఉంచి, ప్యాడ్ చిరిగి ముఖానికి తగిలే ప్రమాదం ఉంది. ప్రతి మంచి ప్యాడ్ వెనుక, ప్యాడ్‌ను అతికించే ప్రతి బ్యాకింగ్ ప్లేటు మీద అది తట్టుకోగల గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది, ఒకసారి చదవండి. రెండు యంత్రాలూ ఒకే వంశానివన్నది నిజమే. జర్మనీలో యాంగిల్ గ్రైండర్‌ను జనం ఫ్లెక్స్ అంటారు, అది ఒక కంపెనీ పేరు, ఆ కంపెనీయే పేరున్న పాలిషర్లు కూడా చేస్తుంది. అయినా అన్నదమ్ములిద్దరికీ గేర్ల నిష్పత్తి వేరు, వేగ నియంత్రణ వేరు.

ప్రశ్న: మా కార్ల సర్వీసు కేంద్రంలో పాలిషింగ్ పని నేనే చూస్తాను. ఇప్పుడు వాడుతున్న యంత్రంతో మధ్యాహ్నానికే మణికట్టు, భుజం లాగేస్తున్నాయి. తేలికపాటి యంత్రం కొంటే కోత తగ్గిపోతుందా? బ్యాటరీ యంత్రాలు ఎలా ఉంటాయి?

జవాబు: తగ్గదమ్మా. బానెట్, టాపు వంటి చదునైన భాగాల మీద యంత్రం బరువే నొక్కుడుగా పనిచేస్తుంది కాబట్టి అక్కడ బరువైన యంత్రం హాయిగా ఉన్నట్టు తోస్తుంది. తలుపుల దగ్గరకు వచ్చేసరికి ఆ బరువంతా మీ చేతుల మీద పడుతుంది. కారు చుట్టూ నిలువు భాగాలే ఎక్కువ. రోటరీలో 2 కిలోల చిల్లరవి ఉన్నాయి, 3 కిలోలు దాటినవీ ఉన్నాయి. ఆ ఒక్క కిలో తేడా ఏమిటన్నది సాయంత్రానికి తెలుస్తుంది. కోతను నిర్ణయించేది ప్యాడ్, కాంపౌండ్, వేగం, చేయి కదిలే తీరు. బరువు కాదు.

అయితే తూకం అంకె ఒక్కటే చూసి కొనకండి. యంత్రాన్ని తలుపు కింది భాగానికి పట్టినట్టుగా, ప్యాడ్ నిలువుగా ఉండేలా, మోకాలి ఎత్తులో రెండు నిమిషాలు పట్టుకొని నిలబడండి. ముందు భాగం బరువై తల వాలిపోతుంటే, ప్యాడ్‌ను సమంగా ఉంచడానికి మీ మణికట్టు అనుక్షణం దానితో పోట్లాడుతూ ఉంటుంది. మీ నొప్పికి కారణం మొత్తం బరువు కన్నా ఈ పోట్లాటే కావచ్చునని నా అనుమానం. ముందు పిడి రెండు రకాలుగా దొరుకుతుంది. పక్కకు పొడుచుకొచ్చే కర్ర పిడి ఇరుకు చోట్ల అనుకూలం. తల మీదుగా వంగి ఉండే వంపు పిడితో రెండు వైపులా సమంగా పట్టు దొరుకుతుంది. రెండూ తగిలించుకొనే వీలున్న యంత్రమైతే మీలాంటివారికి మేలు. పిడి మీద మీ పట్టు ఎంత బిగుసుకుంటే చేయి అంత త్వరగా అలుస్తుంది. రోటరీని నడిపించాలే గాని అణచకూడదు.

బ్యాటరీ యంత్రాల గురించి కూడా అడిగారు. తీగ లేకపోవడం సుఖమే గాని, బ్యాటరీ బరువు చేతిలోనే ఉంటుంది, గట్టి కోత పనిలో అది త్వరగా ఖాళీ అవుతుంది. రోజంతా చేసే పనికి తీగ యంత్రమే ఉంచుకోండి, చిన్న భాగాలకు రెండవ యంత్రంగా బ్యాటరీది తీసుకోవచ్చు.

ప్రశ్న: యంత్రంతో వచ్చిన బ్యాకింగ్ ప్లేటు విరిగింది. వేరేది తెప్పిస్తే స్పిండిల్‌కు ఎక్కడం లేదు. అలాగే మొదటిసారి కొనేవారికి ఉన్ని ప్యాడ్ మంచిదా, ఫోమ్ ప్యాడ్ మంచిదా?

జవాబు: రోటరీ స్పిండిల్ మరలు ప్రధానంగా రెండు కొలతలలో ఉంటాయి. ఎక్కువ దేశాలలో నడిచేది ఎం14, అంటే 14 మిల్లీమీటర్ల వ్యాసం. అమెరికా మార్కెట్ యంత్రాలకు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల వ్యాసం, అంగుళానికి 11 మరలు. అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. మీకు వచ్చింది ఈ రెంటిలో రెండవ రకమో కాదో కొలిచి చూడండి. బలవంతంగా బిగించకండి. ఇక యంత్రం కొనేటప్పుడే ఎం14 ఉన్నది ఎంచుకుంటే ప్లేట్లు, ఎక్స్‌టెన్షన్లు తేలికగా దొరుకుతాయి. ప్లేటు ఎప్పుడూ ప్యాడ్ కన్నా చిన్నదిగా ఉండాలి. 150 మిల్లీమీటర్ల ప్యాడ్‌కు 125 ప్లేటు సరిపోతుంది. లేకపోతే ప్లేటు గట్టి అంచు ఏదో ఒక వంపులో పెయింటుకు తగులుతుంది.

ఉన్ని వేగంగా కోస్తుంది, ఫోమ్‌తో పోలిస్తే వేడి తక్కువ పుట్టిస్తుంది, కాని వెనుక సన్నని గీతలు వదులుతుంది. ఫోమ్‌లో గట్టిది కోతకు, మధ్యరకం పాలిష్‌కు, మెత్తది ముగింపుకు. వాటి రంగులు చూసి ఎంచుకోవద్దు. ఒక కంపెనీ నారింజ రంగు ఫోమ్‌కు, మరొక కంపెనీ నారింజ రంగు ఫోమ్‌కు గట్టిదనంలో పొంతన ఉండదు. మొదట మధ్యరకం ఫోమ్‌తో, తేలిక పాలిష్‌తో, ప్యానెల్ మీద రెండు జానల చదరంలో ప్రయత్నించండి. గీత పోకపోతేనే గట్టి ప్యాడ్‌కు గాని, బలమైన కాంపౌండ్‌కు గాని వెళ్లండి. ఒక కారుకు ఒకే ప్యాడ్ చాలదు. వేడెక్కి, పేస్టుతో నిండిపోయిన ప్యాడ్ కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది.

ప్రశ్న: నల్ల కారుకు ఉన్ని ప్యాడ్‌తో పాలిష్ చేశాను. షెడ్డులో అద్దంలా కనిపించింది. మరునాడు ఎండలోకి తీయగానే నీటి మీద నూనె తేలినట్టు చారలు కదులుతూ కనిపించాయి. యంత్రంలో లోపమా, నా చేతిలో లోపమా?

జవాబు: వాటిని హోలోగ్రామ్‌లు అంటారు. రోటరీ ఎప్పుడూ ఒకే దిశలో తిరుగుతుంది కాబట్టి, గట్టి ప్యాడ్ వదిలే అతి సన్నని గీతలన్నీ ఒకే వాటంగా బారులు తీరుతాయి. వెలుగు వాటి మీద పడినప్పుడు మీ కంటితోపాటు చారలు కదిలినట్టు కనిపిస్తాయి. నలుపు మీద ఇవి దాగవు. షెడ్డులో కనిపించకపోవడానికి కారణం రెండు. ట్యూబు లైటు వెలుతురు నలువైపులా పరుచుకొని వస్తుంది, ఎండలాగా ఒక బిందువు నుంచి రాదు. పైగా పాలిష్‌లోని నూనెలు ఆ గీతలను తాత్కాలికంగా కప్పివేస్తాయి. నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చేతి టార్చిని పక్కవాటంగా వేసి చూసి ఉంటే ఆ రాత్రే తెలిసేది.

ఉన్నితో ఆగిపోవడం వల్ల వచ్చిన లోపం ఇది. మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్నని పాలిష్ తీసుకొని, 1,000 చుట్ల దగ్గర, యంత్రం బరువుకు మించి నొక్కకుండా, ప్యాడ్‌ను చదునుగా ఉంచి, సగం సగం కలిసేలా వరుసలు తీయండి. నల్ల పెయింటు మీద చివరి విడతను డ్యూయల్ యాక్షన్‌తో ముగించడం చాలామంది నిపుణులు పాటించే పద్ధతి, దానిలో నామోషీ ఏమీ లేదు. అయినా చారలు పోకపోతే యంత్రాన్ని అనుమానించండి. ప్యాడ్ తగిలించి కనిష్ఠ వేగంలో నడుపుతూ అంచును పక్క నుంచి చూడండి. అంచు పైకి కిందికి ఊగుతుంటే ప్లేటు వంగి ఉండాలి, ప్యాడ్ మధ్యకు అతకలేదేమో చూడాలి, లేదా స్పిండిలే వంగి ఉండాలి.

ప్రశ్న: అంచుల దగ్గర పెయింటు కాలుతుందని భయంగా ఉంది. దీనికి యంత్రంలో ఏదైనా రక్షణ ఉంటుందా?

జవాబు: ఉండదు. ఆ రక్షణ మాస్కింగ్ టేపు. తలుపు అంచులు, బానెట్ మీది మడతలు, చక్రాల పైన వంపులు, ఇవన్నీ పెయింటు పలచగా పట్టే చోట్లు. ప్యాడ్ భారమంతా ఆ సన్నని గీత మీదే పడుతుంది. నేను కొత్తలో ఒక ఎర్ర కారు తలుపు అంచు దగ్గర రెండే రెండు క్షణాలు ఎక్కువగా ఆగాను. ఎత్తి చూస్తే తెల్లగా ఉండవలసిన ప్యాడ్ మీద గులాబీ రంగు మరక. క్లియర్ కోట్ దాటి రంగు పొరలోకి దిగిపోయానని ప్యాడే చెప్పింది. ఆ తలుపుకు మళ్లీ రంగు వేయించవలసి వచ్చింది. క్లియర్ కోట్ లేని పాత తరహా పెయింటు అయితే మొదటి నుంచీ ప్యాడ్‌కు రంగు అంటుతుంది, అది సహజమే. అందుకే మొదట ఒక మూల తెల్ల గుడ్డతో కాస్త పాలిష్ రుద్ది ఏ రకమో తెలుసుకోవాలి.

అంచు దగ్గర ప్యాడ్ తిరిగే దిశ బయటికి జారిపోయేలా ఉండాలి. అంచును ఎదురు కోసేలా ఉండకూడదు. ప్లాస్టిక్ బంపర్లు ఇనుములాగా వేడిని లాగి పక్కలకు పంపవు కనుక అక్కడ వేగం తగ్గించి, చేయి త్వరగా కదపాలి. మీ అరచేతి వెనుక భాగం ఆనించి ఉంచలేనంత వేడి ఎక్కితే ఆ భాగాన్ని వదిలి మరొకదానికి వెళ్లండి. పెయింటు మందం కొలిచే మీటరు ఉంటే సగం భయం పోతుంది, కాని చౌక రకాలు ఇనుము, అల్యూమినియం మీదే పనిచేస్తాయి, ప్లాస్టిక్ మీద చూపవు.

ప్రశ్న: వాడిన రోటరీ పాలిషర్ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఏమేమి చూసి తీసుకోవాలి?

జవాబు: ప్లగ్గు తీసేసి, స్పిండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకొని పక్కలకు, పైకి కిందికి కదపండి. టక్కుమని ఆడితే బేరింగ్ పోయిందని అర్థం. గేరు పెట్టె కీళ్ల దగ్గర గ్రీజు కారిన నల్లని జిడ్డు ఉందేమో చూడండి. తరువాత ప్యాడ్ లేకుండా నడపండి. గాలి పోయే సందుల్లోంచి తొంగి చూస్తే మోటారులో తిరిగే భాగానికి విద్యుత్తు అందించే కార్బన్ బ్రష్‌ల దగ్గర చిన్న నీలి రవ్వలు కనిపించడం మామూలే, అవి ఆనే వలయం చుట్టూ నిప్పు చుట్టుకున్నట్టుంటే మాత్రం వద్దు. బ్రష్‌లు అరిగితే మార్చుకోవచ్చు కాబట్టి, ఆ మోడల్‌కు బ్రష్‌లు ఇంకా దొరుకుతున్నాయో లేదో ముందే కనుక్కోండి. కనిష్ఠ వేగం నుంచి మెట్టు మెట్టుగా పెంచుతూ వెళ్లండి. ఏదో ఒక మెట్టులో వేగం ఎగుడుదిగుడు అయితే నియంత్రణ బోర్డు చెడి ఉంటుంది, దాన్ని మార్చే ఖర్చుకు ఒక్కోసారి కొత్త యంత్రమే వస్తుంది. చివరగా తీగ పిడిలోకి దిగేచోట వంచి చూడండి. భుజం మీదుగా తీగ వేసుకొని పనిచేసేవారి యంత్రాలలో పైపొర మొదట చిట్లేది అక్కడే.